ఓణీల ఫంక్షన్ అన్నారు, డబ్బాలో బాసికాలు దొరికాయి

పదో తరగతి రిజల్ట్స్ వచ్చి ఇంటర్ కాలేజీలు ఇంకా తెరవని ఈ వేసవి రోజుల్లో నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మామూలుగా అయితే ఆస్తి పంపకాలు, విడాకులు, అద్దె అడ్వాన్స్ తిరిగివ్వని ఓనర్లు. ఇప్పుడు మాత్రం సగానికి సగం ఒకటే గొడవ, పదహారేళ్ల పిల్లకి సంబంధం కుదిరింది, ఏం చేయాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. అద్దె అడ్వాన్స్ వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి, మీ ఓనర్ ఎక్కడికీ పోడు.

ప్రశ్న: మేడమ్, మేం జగద్గిరిగుట్టలో అద్దెకుంటాం. పక్క పోర్షన్ వాళ్ల అమ్మాయి మొన్ననే టెన్త్ పాసయింది, మా పాప క్లాస్‌మేట్. వచ్చే శుక్రవారం వాళ్ల ఊళ్లో లగ్గమట, మా పాప దగ్గర ఏడ్చింది. ఎవరికైనా చెబుదామంటే నా పేరు బయటికొస్తుందేమోనని భయం. రోజూ ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లం. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, పత్రిక మీ చేతికొచ్చేసరికి ఆ శుక్రవారం దాటిపోతుంది కాబట్టి మీకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. మీలాగే నల్లా దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది ఉంటారని మళ్లీ ఇక్కడ రాస్తున్నాను.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. మీ పేరు చెప్పాల్సిన పని లేదు. చెప్పాల్సింది ఆ పిల్ల పేరు, చదివిన స్కూలు, ఇంటి గుర్తు, పెళ్లి తేదీ, అన్నిటికంటే ముఖ్యంగా పెళ్లి జరిగే ఊరు, ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయల్దేరుతున్నారన్నది. ఊరి పేరు ఎందుకంటే, హైదరాబాద్ బస్తీల్లో కుదిరిన పెళ్లిళ్లు హైదరాబాద్‌లో జరగడం తక్కువ. ఇక్కడైతే ఫంక్షన్ హాల్ వాడు, పక్కింటివాళ్లు, స్కూల్ టీచరు, ఇన్ని కళ్లుంటాయి. ఊరికి తీసుకెళ్లిపోతే పని సులువు. అప్పుడు ఇక్కడి ఆఫీసర్లు అక్కడి ఆఫీసర్లకు చెప్పాలి, జిల్లా మారితే లెటర్ రాయాలి, మధ్యలో రెండో శనివారం, ఆదివారం వస్తే ఇక అంతే సంగతులు.

2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా చేసేది బాల్య వివాహం. అది పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరం, నాన్ బెయిలబుల్ కూడా. పెళ్లి జరగబోతోందని తెలిస్తే మేజిస్ట్రేట్ దాన్ని ఆపుతూ ఆర్డర్ ఇవ్వొచ్చు, తొందర ఉంటే అవతలివాళ్లకు నోటీసు కూడా లేకుండా. ఆ ఆర్డర్ ఉండగా తాళి కడితే ఆ పెళ్లి అసలు పెళ్లే కాదు, చెల్లదు. ఈ ముక్కను గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆర్డర్ లేకుండా జరిగిపోయిన బాల్య వివాహం తనంతట తాను రద్దైపోదు. నేరం నేరమే, పెళ్లి పెళ్లే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ మన దగ్గర చట్టం అదే (కర్ణాటక వాళ్లు మాత్రం తమ రాష్ట్రంలో చట్టాన్ని సవరించి, అలాంటి పెళ్లి మొదట్నుంచే చెల్లదని రాసుకున్నారు). అంటే ముందు రోజు మీరు చేసే ఒక్క ఫోన్ చేసే పని, మర్నాటి నుంచి నాలాంటి లాయర్లు నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగినా చేయలేకపోవచ్చు.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే శాఖ) వాళ్లతో పాటు నేనూ ఒక ఇంటికి వెళ్లాను, సిటీ అవతల, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక. వాకిట్లో పచ్చని పందిరి, లోపల పిల్ల ఒంటినిండా పసుపుతో పీట మీద కూర్చుని ఉంది. వాళ్ల నాన్న ఎంత మర్యాదగా ఉన్నాడంటే, మాకు కుర్చీలు వేసి థమ్సప్ పోయించాడు. ‘‘పెళ్లేంటి మేడమ్, ఓణీల ఫంక్షన్ చేసుకుంటున్నాం, అది కూడా తప్పేనా?’’ శుభలేఖ లేదు. పెళ్లికొడుకు లేడు. ఎస్సై గారు అప్పటికే లేచి ప్యాంటు దులుపుకుంటున్నాడు. మాతో వచ్చిన అంగన్‌వాడీ టీచరు, యాభై దాటిన మనిషి, ఏమీ మాట్లాడకుండా దేవుడి గూడు దగ్గరికి వెళ్లి అక్కడున్న స్టీలు డబ్బా మూత తీసింది. రెండు బాసికాలు, చిన్న పొట్లంలో మట్టెలు. ‘‘ఓణీల ఫంక్షన్‌కి బాసికాలెందుకన్నా?’’ అని అడిగింది, అంతే. ఆ తండ్రి మొహం చూడాలి. చట్టంలో ఎన్ని సెక్షన్లున్నా ఆ రోజు పని చేసింది ఆవిడ చెయ్యి.

అయితే తర్వాత జరిగింది కూడా చెప్పకపోతే కథలో సగం దాచినట్టే. తల్లిదండ్రులకు గంటసేపు కౌన్సెలింగ్ ఇచ్చి, 18 నిండేదాకా పెళ్లి చేయమని కాగితం రాయించుకుని, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని వచ్చేశాం. ఇరవై రోజులకు తెలిసింది, మేనత్త ఊళ్లో గుడి మెట్ల మీద రాత్రిపూట తాళి కట్టించేశారని. పందిరి లేదు, బాజా లేదు. ఆ కాగితం ఇప్పటికీ ఏదో ఫైల్లో భద్రంగానే ఉండి ఉంటుంది. అప్పట్నుంచీ నేను కాగితంతో సరిపెట్టవద్దనే చెబుతున్నాను. పెళ్లి ముప్పు ఉన్న పిల్లను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, జువెనైల్ జస్టిస్ చట్టం అలాంటి పిల్లను రక్షణ అవసరమైన పిల్ల అనే అంటుంది. మేజిస్ట్రేట్ ఆర్డర్ కూడా తెచ్చుకోవాలి. ఇవి రెండూ చేసిన కేసుల్లో పెళ్లి నిజంగా ఆగడం చూశాను.

మరి ఎందుకు చేయరు? బాల్య వివాహ నిషేధ అధికారి అంటూ ఆ ఒక్క పని మీదే కూర్చున్న మనిషి దాదాపు ఎక్కడా ఉండడు. వేరే ఉద్యోగం చేసుకునే ఆఫీసరు నెత్తిన ఇదొక అదనపు బరువు. ఆవిడకు అంగన్‌వాడీ గుడ్ల లెక్కలుంటాయి, పోషకాహార వారోత్సవాలుంటాయి, ఎన్నికలొస్తే ఓటరు లిస్టులుంటాయి, వీటి మధ్య మీ శుక్రవారం లగ్గం. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇదే మాట పట్టుకుంది, జిల్లాకో అధికారిని ఈ పనికే ప్రత్యేకంగా పెట్టండని రాష్ట్రాలకు చెప్పింది. తీర్పు మంచిదే. ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడం తీర్పు చేయగలిగే పని కాదు.

మీ పక్క పోర్షన్ పిల్ల పెళ్లి ఆగిందని మీరే ఫోన్ చేసి చెప్పారు, సంతోషం. ఎవరు చెప్పారన్నది వాళ్లకు తెలియలేదు గానీ అనుమానంతో మాట్లాడటం మానేశారన్నారు. కొన్నాళ్లు నల్లా దగ్గరికి కాస్త ఆలస్యంగా వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయికి 16 దాటి 8 నెలలు. ఆటో నడిపే అబ్బాయితో ప్రేమ, రెండుసార్లు సినిమాకు కూడా వెళ్లారు. పిల్లవాడు మంచివాడే, 20 ఏళ్లు, మా కులమే. పరువు పోకముందే గుడిలో తాళి కట్టించేసి, 18 నిండాక రిజిస్టర్ చేయిద్దామని మా ఆడబిడ్డ అంటోంది. తప్పేముంది మేడమ్? నేను నాలుగిళ్లలో పని చేసుకునేదాన్ని, రోజంతా పిల్లను కాపలా కాయలేను.
– బోరబండ నుంచి ఒక తల్లి

జవాబు: అక్కా, మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. కాపలా కాయలేక పెళ్లి చేసేస్తున్నారు. ఈ సిటీలో ఇలా చేసేవాళ్లు డబ్బాశతోనో మూర్ఖత్వంతోనో చేస్తున్నారని పేపర్లు రాస్తాయి గానీ, నా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది మీలాంటివాళ్లే, పొద్దున ఆరింటికి ఇంటికి తాళం వేసి వెళ్లి సాయంత్రం దాకా గుండె అరచేతిలో పెట్టుకునేవాళ్లు. మిమ్మల్ని తిట్టను.

కానీ తాళి కట్టిస్తే ఏమవుతుందో వినండి. ఆ మంచి పిల్లవాడు జైలుకు పోతాడు. 18 నిండని భార్యతో కాపురం చేసినా అది అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలోనూ అదే రాశారు. దాని మీద పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. అందులో పదేళ్లకు తక్కువ శిక్ష వేసే అధికారం జడ్జికే లేదు, అమ్మాయికి గర్భం వస్తే ఆ పదేళ్లు ఇరవై అవుతాయి. ఎవరు కంప్లైంట్ ఇస్తారులే అనుకుంటారు అందరూ. మూడో నెలలో మీరే చేయి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళతారు, ఓపీ చీటీ మీద వయసు రాయిస్తారు, అక్కడి డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆవిడ మీద కేసు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావరకు మొదలైంది పోలీస్ స్టేషన్‌లో కాదు, స్కానింగ్ రూం బయట బెంచీ మీద.

ఇరవై ఏళ్లవాడు కదా, 21 నిండలేదు కదా, వాడూ బాలుడే కదా అని మీ ఆడబిడ్డ లాజిక్ తీయొచ్చు. పెళ్లి వయసుకు 21 కావాలి, శిక్ష పడటానికి 18 దాటితే చాలు. ఇక మీ ఇంట్లో, బాల్య వివాహ చట్టం కింద ఆడవాళ్లకు జైలు లేదు గనక మీకు జరిమానాతో పోవచ్చు, మీ ఆయనకు మాత్రం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి సొమ్ము కూడా పోతుంది. పెళ్లినాటికి 18 నిండి ఉంటేనే ఆ 1,00,116 చెక్కు తల్లి పేరున, అంటే మీ పేరున వస్తుంది. ఇప్పుడు తాళి కట్టించి తర్వాత తేదీ మార్చి రాయిద్దామనుకుంటే అది ఇంకో కేసు.

ఏం చేయాలంటారా? ఆ అబ్బాయి తల్లిని పిలిచి కూర్చోబెట్టండి. ‘‘పద్దెనిమిది నిండాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా నీ కొడుకు నా గడప తొక్కితే జైలుకు పోయేది వాడే, నా పిల్ల కాదు’’ అని నేను రాసినట్టే చెప్పండి. అమ్మాయిని మాత్రం కొట్టకండి, ఫోన్ పగలగొట్టకండి. కొట్టిన ఇంట్లోంచే పిల్లలు లేచిపోతారు. అప్పుడు మీరే కిడ్నాప్ అని కంప్లైంట్ ఇస్తారు, ఆ తర్వాత కేసు మీ చేతుల్లో ఉండదు.

ప్రశ్న: నాకు 16 ఏళ్లప్పుడు పెళ్లి చేశారు. ఇప్పుడు 19 ఏళ్ల 4 నెలలు. ఏడాదిగా పుట్టింట్లో ఉంటూ మెడికల్ షాపులో పని చేస్తున్నా. ఒక బాబు. విడాకులకు వెళ్దామంటే ఏళ్లు పడుతుందంటున్నారు. నిజమేనా?
– కుషాయిగూడ

జవాబు: విడాకులకు వెళ్లకమ్మా! నీకు అంతకంటే దగ్గర దారి ఉంది, అది ఇంకో 8 నెలల్లో మూసుకుపోతుంది. మైనరుగా ఉన్నప్పుడు జరిగిన పెళ్లిని రద్దు చేయమని అడిగే హక్కు 18 నిండాక రెండేళ్ల వరకే, అంటే నీ 20వ పుట్టినరోజు దాకానే. అందులో ఆయన కొట్టాడా తిట్టాడా అని నువ్వు నిరూపించుకోనక్కర్లేదు. రెండే చూపించాలి, పెళ్లి జరిగిందని, అప్పటికి నీకు 18 లేవని. మొదటిదానికి పెళ్లి ఫోటోలు, రెండోదానికి నీ టెన్త్ మెమో. ఈ రెండేళ్ల గడువు సంగతి ఆడపిల్లలకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నా దగ్గరికి 21 ఏట, 22 ఏట వస్తారు, అప్పుడు నేను చేయగలిగింది తక్కువ. కొందరు లాయర్లు కూడా అలవాటు కొద్దీ విడాకుల పిటిషనే టైపు చేయించేస్తారు, చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

పెళ్లి రద్దైతే బాబు గతేంటి అని లోపల భయం ఉంటుంది, నువ్వు రాయలేదు గానీ. బాబు అన్ని విధాలా చట్టబద్ధమైన సంతానమే. బాబును ఎవరి దగ్గర ఉంచాలన్నది కోర్టు వాడి మంచి చూసి చెబుతుంది. నువ్వు మళ్లీ పెళ్లి చేసుకునే దాకా మనోవర్తి, ఉండటానికి చోటు అడగొచ్చు. పెళ్లిలో పెట్టిన బంగారం, డబ్బు అటువాళ్లవి ఇటు, ఇటువాళ్లవి అటు తిరిగి ఇచ్చేయమంటారు. ఫీజు గురించి ఆలోచించకు, ఆడవాళ్లకు జీతంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేసి లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఎక్కడో కనుక్కుని వెళ్లు. వచ్చే నెల కాదు, ఈ వారం.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను పౌరోహిత్యం చేసుకుంటాను. నిరుడు ఒక పెళ్లి చేయించాను, ఆధార్ చూశాకే చేయించాను, అందులో 19 ఏళ్లుంది. ఇప్పుడు ఆ అమ్మాయికి అప్పుడు 16 అని తేలి పోలీసులు నన్ను పిలుస్తున్నారు. ఆధార్ కంటే ఏం అడుగుతాం?
– మల్కాజిగిరి

జవాబు: పంతులు గారూ, పెళ్లి చేయించినవాళ్లకు కూడా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. అయితే అది బాల్య వివాహం కాదని నమ్మడానికి నాకు తగిన కారణం ఉందని మీరు చూపించగలిగితే బయటపడతారు. చూపించాల్సిన బరువు మాత్రం మీదే. ఆ ఆధార్ జిరాక్స్ మీ దగ్గరుంటే దాచుకోండి, పనికొస్తుంది. లేకపోతే కష్టమే.

ఇకముందు మాత్రం ఆధార్ ఒక్కటే నమ్మకండి. అది మనిషిని గుర్తుపట్టే కార్డు, పుట్టిన తేదీకి సాక్ష్యం కాదు, సుప్రీంకోర్టు కూడా ఈ మాట చెప్పింది. వయసు తేల్చాల్సి వస్తే జువెనైల్ జస్టిస్ చట్టంలో వరస ఇలా ఉంటుంది: ముందు స్కూలు సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్ష వయసును అటూ ఇటూగా చెబుతుందే తప్ప కచ్చితంగా చెప్పదు, ఆ సందులోంచే చాలా కేసులు జారిపోతాయి. మీరు చూసిన కార్డులో తేదీ ఎప్పుడు, ఎలా మారిందో నేను చెప్పలేను గానీ పెళ్లికి ముందు ఆధార్‌లో వయసు పెంచుకోవడం మీకూ తెలియని విద్య కాదు. జాతకం చూడటానికి పుట్టిన తేదీ, సమయం నిమిషాలతో సహా అడుగుతారు కదా, ఆ తేదీకీ కార్డు మీద తేదీకీ మూడేళ్లు తేడా ఉంటే ఆ క్షణమే మీకు తెలిసిపోవాలి. మీ పంచాంగం సంచిలో ఆ అమ్మాయి జాతకం రాసుకున్న కాగితం ఉంటే స్టేషన్‌కు వెళ్లేముందు నాకు చూపించండి. అది మిమ్మల్ని కాపాడనూ వచ్చు, ముంచనూ వచ్చు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను, ఇల్లు పాతబస్తీలో. క్లాసులో బాల్య వివాహాలు అనగానే అందరూ నావైపే చూస్తారు. షేక్‌ల పెళ్లిళ్లు అంటారు. అసలు ఈ చట్టం మాకు వర్తిస్తుందా లేదా అని కూడా తలోమాట చెబుతున్నారు.
– ఒక విద్యార్థిని

జవాబు: చూసేవాళ్లకు 1991 గుర్తుండి ఉంటుంది. పదేళ్లు దాటీ దాటని పాతబస్తీ పిల్లను అరవై ఏళ్ల సౌదీ మనిషికి కట్టబెడితే, విమానంలో ఆ పిల్ల ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ గమనించి ఆపించింది. దేశమంతా అట్టుడికిపోయింది. 2017 సెప్టెంబరులో మళ్లీ ఒమన్, ఖతార్ దేశస్థులను, వాళ్లకు నిఖా చేయించే ఖాజీలను మన పోలీసులు పట్టుకున్నారు. అదంతా నిజం, దాచాల్సిన పని లేదు. కానీ అది పెళ్లి పేరుతో జరిగే అమ్మకం. డబ్బుకు అమ్మి చేసిన మైనరు పెళ్లి అసలు చెల్లనే చెల్లదని 2006 చట్టంలో వేరుగా సెక్షనే ఉంది.

మామూలు బాల్య వివాహాలది వేరే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, దేశం మొత్తం మీద 23.3 శాతం. కేరళలో 6.3. రాష్ట్రంలో దాదాపు నలుగురిలో ఒకరు, అందరూ చార్మినార్ చుట్టుపక్కలే ఉంటారా? నీ క్లాసులో నిన్ను చూసేవాళ్లను వాళ్ల అమ్మమ్మకు ఎన్నో ఏట పెళ్లయిందో, ఊళ్లో పిన్ని కూతురికి ఎన్నో ఏట అయిందో అడిగిరమ్మను.

చట్టం సంగతికొస్తే, 2006 చట్టంలో ఏ మతానికీ మినహాయింపు రాయలేదు. కానీ ముస్లిం పర్సనల్ లా ప్రకారం యుక్తవయసు వస్తే చాలనే వాదన ఉంది, కొన్ని హైకోర్టులు దాన్ని ఒప్పుకున్నాయి, కేరళ హైకోర్టు 2024లో మతమేదైనా ఈ చట్టమే అంది. 2024 అక్టోబరు తీర్పులో సుప్రీంకోర్టు ఈ ఒక్క ముడి మాత్రం విప్పకుండా పార్లమెంటుకు వదిలేసింది. నీకు తలోమాట వినిపించడానికి కారణం అదే, చెప్పేవాళ్ల తప్పేం లేదు.

ప్రశ్న: ఇదంతా ఎందుకండీ, నలుగురిని లోపలేస్తే అందరూ దారికొస్తారు. పెళ్లి వయసు 21 చేసి, శిక్ష పదేళ్లు చేస్తే సరి.
– రిటైర్డ్ ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: సార్, మీ కోపం నాకర్థమైంది. 2023 ఫిబ్రవరిలో అస్సాంలో సరిగ్గా మీరు చెప్పిందే చేశారు, కొద్ది రోజుల్లోనే మూడు వేల మందికి పైగా అరెస్టులు, పాత పెళ్లిళ్లతో సహా. భర్తల్ని తీసుకుపోతే చంటిపిల్లల్ని ఎత్తుకుని స్టేషన్ల ముందు ఏడుస్తూ కూర్చుంది ఏ పిల్లల్ని కాపాడాలని చట్టం చేశామో ఆ పిల్లలే. జనం ఇళ్లలో అల్లకల్లోలం చేశారని గౌహతి హైకోర్టే అంది. దీనికి రెండో చివర కూడా ఉంది: 2022లో ఈ చట్టం కింద దేశం మొత్తం మీద నమోదైన కేసులు వెయ్యీ రెండు. పైన నలుగురిలో ఒకరు అని రాశాను, ఆ పక్కన ఈ వెయ్యీ రెండు పెట్టి చూడండి. సొంత అమ్మానాన్నల మీద కేసు పెట్టమని ఏ పిల్ల స్టేషన్ మెట్లెక్కుతుంది?

వయసు పెంచడమంటారా, బాల్య వివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం పాసై 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేలోపు దొరికిన ఆర్నెల్లలో జనం దొరికిన పిల్లకల్లా మూడుముళ్లు వేయించేశారు, 1931 జనాభా లెక్కల్లో ఆ హడావుడి కనిపించింది. మన నిజాం రాజ్యానికి బ్రిటిష్ వాళ్ల ఆ చట్టం వర్తించేదే కాదు, అది వేరే కథ. 2021 డిసెంబరులో అమ్మాయిలకు 21 చేస్తూ బిల్లు పెట్టినప్పుడు కూడా ‘‘చట్టం మారేలోగా చేసేద్దాం’’ అని ముహూర్తాలు ముందుకు జరిపినవాళ్లు నాకే తెలుసు. ఆ బిల్లు చివరికి ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది.

ఇంకో సంగతి, 1992లో రాజస్థాన్‌లోని భటేరీలో తొమ్మిది నెలల పాప పెళ్లి ఆపబోయినందుకు ఒక గ్రామ కార్యకర్త మీద మూకుమ్మడి అత్యాచారం జరిగింది. ఆఫీసుల్లో ఆడవాళ్లపై జరిగే వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలకు మూలం ఆవిడ కేసే. నిందితులు కింది కోర్టులో అత్యాచారం కేసు నుంచి బయటపడ్డారు. అంగన్‌వాడీ టీచరు డబ్బా మూత తీయడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి సార్. ఆవిడ అదే ఊళ్లో ఉండాలి. ముందు ఆవిడకు ఒక బండి, తోడుగా ఒక కానిస్టేబుల్ ఇప్పించండి, శిక్ష పదేళ్లా ఇరవయ్యా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేడమ్, నేను టెన్త్ పాసయ్యాను, మంచి మార్కులొచ్చాయి. నాకు పెళ్లి చేస్తుంటే ఆఫీసర్లు వచ్చి ఆపారు. నెల రోజులు బాలికల హోమ్‌లో ఉండి ఇంటికొచ్చాను. నాన్న నాతో మాట్లాడటం లేదు. కాలేజీకి డబ్బుల్లేవు, బట్టల షాపులో పనికి వెళ్లమంటున్నాడు. మెమో అడిగితే బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను చదువుకోవాలి.
– పేరు వద్దు

జవాబు: మంచి మార్కులు తెచ్చుకున్నావు తల్లీ. ముందు ఆ శుభాకాంక్షలు, ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు, పుస్తకాలు కూడా వాళ్లే ఇస్తారు, డబ్బుల్లేవన్న మాట అక్కడితో అయిపోతుంది. ఇంట్లో ఉండటం కష్టంగా ఉంటే ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలున్నాయి, హాస్టల్‌తో సహా. నిన్ను హోమ్ నుంచి ఇంటికి పంపినప్పుడు సంక్షేమ సమితి వాళ్లు మళ్లీ రమ్మని తేదీ ఇచ్చి ఉంటారు. ఆ తేదీన తప్పకుండా వెళ్లి, ‘‘నన్ను చదివించట్లేదు, పనికి పంపుతున్నారు’’ అని నోటితో చెప్పడమే కాదు, తెల్లకాగితం మీద రాసివ్వు. నోటిమాట ఫైల్లో ఉండదు. తేదీ ఇవ్వకపోతే 1098కి నువ్వే ఫోన్ చెయ్యి, పెళ్లి ఆపిన పిల్లను అని చెప్పు. మా వాళ్లంతా పెళ్లి ఆపి ఫోటో దిగి వెళ్లిపోతారు, ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం కంచం ఎలా పెడుతున్నారో చూడ్డానికి ఎవరూ రారు. నీ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

మీ నాన్న కూడా ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతాడు. పెళ్లికి తెచ్చిన అప్పు ఉందేమో, టెంట్ వాడికి, వంటవాళ్లకు ఇచ్చిన అడ్వాన్స్ పోయిందేమో కనుక్కో, కోపం సగం అక్కడే ఉంటుంది.

మెమో గురించి బీరువా దగ్గర గొడవ పడకు. మీ హెచ్ఎం దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పు, టీసీ, బోనఫైడ్ స్కూల్లోనే తీసుకో. కాలేజీకి ముందు ఇంటర్నెట్‌లో తీసిన మెమో కాపీ ఇచ్చి చేరిపో, ఒరిజినల్‌కు గడువు అడుగు. నాన్న అప్పటికీ ఇవ్వకపోతే హెచ్ఎం ద్వారానే బోర్డుకు డూప్లికేట్ మెమోకు అప్లై చేయొచ్చు. కాలేజీ దూరమని అంటే ఆధార్ చూపించి సిటీ బస్సెక్కు, నీకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టే. మంగళవారం, గురువారం సాయంత్రం ఐదు తర్వాత నేను ఆఫీసులోనే ఉంటాను, అడ్రస్ మా సబ్ ఎడిటర్ నీకు ఫోన్‌లో చెబుతుంది. వచ్చేటప్పుడు నీతో పాటు మీ క్లాస్ టీచర్‌ను కూడా రమ్మను.